తోడు లేనిదే న్యాయము లేదా?
నేరబాధితులైన బధిరులు, వికలాంగులు: ఒక సమీక్ష

ఒక నేరము జరిగిన పిమ్మట రాజ్యమునకు రెండు విధులు ఏర్పడుచున్నవి: నేరము చేసినవానిని పట్టి శిక్షించుట యొకటి, నేరమునకు గురియైనవారిని ఆదుకొనుట రెండవది. మొదటిదానికి శతాబ్దముల చరిత్ర కలదు. రెండవదాని చరిత్ర మన దేశమున మిక్కిలి చిన్నది. ఫిర్యాదు వ్రాసికొనుట, వైద్యము చేయించుట, తలదాచుకొనుటకు చోటు చూపుట, వకీలును కుదుర్చుట, సాక్ష్యము చెప్పునపుడు అండగా నిలుచుట, నష్టపరిహార మిప్పించుట: బాధితుల సేవలనగా స్థూలముగా నివియే. ఈ సేవలన్నియు ఒక మనిషిని మనస్సున నుంచుకొని ఏర్పరుపబడినవి. ఆ మనిషి నడచి రాగలడు, వ్రాసినది చదువగలడు, అడిగినది వినగలడు, నోటితో బదులు చెప్పగలడు. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను, వెంట ఒకరిని తోడు తెచ్చుకొమ్మని కార్యాలయములు చెప్పుచుండును. ఆ తోడు వచ్చువాడెవడు, ఆ నేరముతో అతనికి గల సంబంధమేమి, అతడు చెప్పునది బాధితురాలి మాటయా తన మాటయా యను ప్రశ్నలను మాత్రము అడుగువారు అరుదు. ఈ విషయమున మన చట్టములును, న్యాయస్థానములును, సేవాసంస్థలును ఇంతవరకు చేసినదేమి, ఇకపై చేయవలసినదేమి యని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇందుకు తమిళనాడులోని తాయిల్పట్టి పరిసరములను గైకొనుటకు కారణమున్నది. విరుదునగర్ జిల్లా వెంబకోట్టై తాలూకాకు చేరిన ఈ గ్రామము మొదలుకొని కోవిల్పట్టి దాక పరచుకొన్న నల్లరేగడి సీమలో, తమిళుల నడుమ, తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు తరతరములుగా కాపురముండుచున్నవి. కోవిల్పట్టి చేరువనున్న ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, తమిళమున రచనలు చేసి, 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము నందిన కి. రాజనారాయణన్ ఈ వలసకుటుంబముల కథనే తన నవలలకు వస్తువుగా గైకొనెను. వానమీద ఆధారపడిన సేద్యము కడుపు నింపలేకపోగా, ఇరువదవ శతాబ్దమున ఈ సీమవారు అగ్గిపెట్టెల పనికిని, టపాసుల పనికిని మరలిరి. ఆ పని కూడు పెట్టినది. అప్పుడప్పుడు చేతులను, కన్నులను, చెవులను పుచ్చుకొన్నది. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలోను, 2021 ఫిబ్రవరి 12న అచ్చన్‌కుళంలోను బాణసంచా కార్ఖానాలు పేలినపుడు చనిపోయినవారి లెక్క పత్రికల కెక్కినది. కాలిన చర్మము బిగిసి వ్రేళ్ళు ముడుచుకొనిపోయినవారి తరువాతి బ్రతుకు పత్రికల కంతగా నెక్కలేదు. అనుమతి లేని గదులలో మందు కూరించుట, ఒకరి పేర నున్న లైసెన్సుపై షెడ్లను లోపాయికారిగా వేరొకరికి కౌలుకిచ్చుట మొదలగునవి నేరములే కనుక, ఆ పేలుడులో వికలాంగుడైన కూలివాడు కేవలము ప్రమాదమునకు చిక్కినవాడు కాడు, నేరబాధితుడును అగును. కావున ఈ సీమలో మన ప్రశ్నకు రెండు ముఖములున్నవి: వైకల్యము ముందుగా నుండి నేరమునకు గురియైనవా రొకవైపు, నేరమువలననే వైకల్యము పొందినవా రింకొకవైపు.

ఈ ఇరు తెగలవారును పోవలసిన దారి యొక్కటే, అదియు దగ్గరిది కాదు. ఫిర్యాదు స్థానిక పోలీసు స్టేషనులోనో, స్త్రీలైనచో మహిళా పోలీసు స్టేషనులోనో ఇయ్యవలెను. వైద్యమునకు శివకాశి ప్రభుత్వాసుపత్రికో, అంతకు మించినచో విరుదునగరమునకో మదురకో పోవలెను. వైకల్య ధ్రువపత్రమునకును, మనవిదారులు బారులు తీరు సోమవారపు అర్జీదినమునకును విరుదునగర్ కలెక్టరు కచేరి. విచారణకు జిల్లా న్యాయస్థానమున్న శ్రీవిల్లిపుత్తూరు. చక్రాల బండిమీద నుండువారికి గాని, బస్సు బోర్డు చదువలేని అంధునకు గాని ఈ నాలుగు ఊళ్ళు నాలుగు పరీక్షలే.

చట్టముల మాట ముందుగా చూతము. మాటలాడలేని సాక్షి వ్రాతచేతగాని సైగచేతగాని సాక్ష్య మీయవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టమున 119వ సెక్షను చెప్పియుండెను. అనగా బధిరుని సాక్ష్యము చెల్లునా యను సంశయము ఆనాడే తీరినది. తీరనిది, ఆ సాక్ష్యము న్యాయపీఠము దాక చేరునట్లు చేయువా రెవరను సంశయము. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఒడంబడికను ఆమోదించెను. న్యాయమును పొందుటలో ఇతరులతో సమానమైన అవకాశమును రాజ్యము కల్పించవలెనని దాని 13వ అధికరణము విధించుచున్నది. మన దేశము 2007 అక్టోబరు 1న దానిని ధ్రువపరచెను. 2008 నాటి సవరణచే క్రిమినలు ప్రొసీజరు కోడులో 357-ఎ సెక్షను చేరి, ప్రతి రాష్ట్రమును బాధితుల పరిహార పథకము నేర్పరుపవలసి వచ్చినది. పిల్లలపై జరుగు లైంగిక నేరములకై వచ్చిన 2012 నాటి పోక్సో చట్టము వారి వాఙ్మూలమునకు దుబాసీల, ప్రత్యేక విద్యావేత్తల సాయమును చెప్పినది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరము పిమ్మట వచ్చిన 2013 నాటి సవరణ మరియొక అడుగు ముందుకు వేసినది: లైంగిక నేరమునకు గురియైన వికలాంగురాలి ఫిర్యాదును ఆమె ఇంటనో, ఆమె కోరిన చోటనో, దుబాసీ గాని ప్రత్యేక విద్యావేత్త గాని ఎదుట నుండగా, వీడియో తీయుచు వ్రాసికొనవలెను, మేజిస్ట్రేటు ఎదుట అట్లు నమోదైన వాఙ్మూలము విచారణలో ముఖ్య సాక్ష్యముగా నిలుచును, ఆమె దానిని మరల మొదటినుండి చెప్పనక్కరలేదు. ఆ కోడు స్థానమున 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నూతన సంహితలోను ఈ నియమములు 173, 183 సెక్షనులుగా నిలిచినవి.

ఇంత మంచి నియమములో నొక ఇరుకు కలదు. స్టేషనులో దుబాసీని తప్పనిసరి చేసిన ఆ నిబంధన లైంగిక నేరములకును, మరి కొన్నింటికిని మాత్రమే వర్తించును. ముదుసలి అంధుని వ్రేలిముద్ర వేయించి పింఛను సొమ్ము కాజేసిన మనుమడు, బధిరురాలిని కొట్టి కూలిడబ్బులు లాగుకొను భర్త, చక్రాల బండి విరుగగొట్టి ఇంట మూలకు నెట్టిన దాయాది: ఈ నేరములకు ఆ ద్వారము తెరువబడదు. ఇచ్చట 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తోడ్పడవలెను. దాని 12వ సెక్షను సమస్త న్యాయప్రక్రియలకును వర్తించును. 92వ సెక్షను వికలాంగులపై జరుపు కొన్ని దౌర్జన్యములకు ఆరు మాసములనుండి ఐదేండ్ల దాక ఖైదు విధించును. 7వ సెక్షను ప్రకారము ఎవరైనను కార్యనిర్వాహక మేజిస్ట్రేటునకు సమాచార మీయవచ్చును, ఆ అధికారి బాధితుని కాపాడుట కుత్తరువులు చేయవలెను. తాయిల్పట్టివారికి ఆ మేజిస్ట్రేటనగా తాలూకా తహసీల్దారే. ఫిర్యాదుతో వచ్చిన వికలాంగునకు ఈ హక్కును, ఉచిత న్యాయసహాయమును, సమీపమున పనిచేయు సంస్థ పేరును తెలుపవలసిన బాధ్యతను చట్టము పోలీసువారిపైననే పెట్టినది. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యడను సామెత నిజము కాకుండుటకు, ఈ సంగతిని స్థానిక భాషలలో పెద్ద అక్షరములతోను బొమ్మలతోను ఒక పలకపై వ్రాసి స్టేషను గోడకు తగిలించుట కనీసపు పని.

చట్టమున కెంత బలమున్నను, మొదటి గడియలో ఫిర్యాదు చెడినచో తరువాతి సేవలన్నియు చెడును. ఆ మొదటి గడియ ఎట్లుండునో ఊహింతము. అగ్గిపెట్టెల కార్ఖానాలో పుల్లలు పేర్చు ఒక బధిర యువతి బడికెన్నడును పోలేదు. ఇంటివారితో ఇంటిసైగలతోనే ఇంతకాలము బ్రదికినది. ఆ సైగలలో మనుష్యులకు పేరులుండవు, గుర్తులుండును: మీసము తిప్పినచో ఒక పెదనాన్న, కుంటినడక చూపినచో ఒక పొరుగువాడు, కణత మీద వ్రేలుంచినచో మచ్చ గల మేస్త్రీ. స్టేషనులో రైటరు ప్రశ్నించును, ఆమెతో వచ్చిన బావ బదులు చెప్పును, రైటరు వ్రాయును. ఆమె కణతమీద వ్రేలుంచి చూపినది కాగితము మీద కెక్కినదో లేదో ఆమె చదువజాలదు. మేస్త్రీ బావకు పని చూపువాడైనచో, లేక బావయే నేరస్థుడైనచో, ఆ సైగ అక్కడనే మాయమగును. మరునాడు నగరమునుండి వచ్చిన దుబాసీ భారతీయ సంజ్ఞాభాష నెరిగినవాడే కాని, ఈ ఇంటిసైగ లెరిగినవాడు కాడు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, దుబాసీ చేతులలో భారతీయ సంజ్ఞాభాష, పై న్యాయస్థానపు తీర్పులో ఇంగ్లీషు. ఇన్నింటి నడుమ ఆమె చెప్పినది ఏ మలుపునందైనను తారుమారు కావచ్చును.

ఈ చిక్కుకు విరుగుడు లేకపోలేదు. చిన్ననాటినుండి సైగలతోనే బ్రదికిన బధిరుడు, సరియైన భాష నేర్వని మరియొక బధిరుని భావమును వినువారికన్న త్వరగా గ్రహింపగలడు; కనుక ఒక బధిర దుబాసీని, ఒక వినగల దుబాసీని జతగా కూర్చుండబెట్టి, మొదటివాడు గ్రహించినదానిని రెండవవాడు నోటిమాటగా మార్చు పద్ధతిని అనేక దేశములు అనుసరించుచున్నవి. దానితోపాటు బొమ్మలు, ఊరి పటము, మనుష్యుల ఛాయాచిత్రములు వాడవలెను, మొదటి క్షణమునుండి వీడియో తీయవలెను. వీడియో అలంకారము కాదు. రాజస్థాన్ ప్రభుత్వము వర్సెస్ దర్శన్ సింగ్ అను 2012 నాటి వ్యాజ్యమున, సైగల అర్థమును మాత్రమే కాక సైగలనే నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు చెప్పెను. ఆ వ్యాజ్యమున బధిరురాలైన సాక్షికి దుబాసీగా నిలిచినది ఆమె తండ్రియే. ప్రమాణము చేయించుటలోను, సైగలను నమోదు చేయుటలోను లోపము లుండుటచే ఆమె సాక్ష్యము నిలువలేదు, నిర్దోషిగా విడుదలైనవాని విడుదలయే స్థిరపడినది. అనగా అయినవారి తోడు బాధితురాలికి హాని చేయకున్నను, ఆమె వ్యాజ్యమునకు హాని చేయవచ్చును.

ఇంటివారందరు శత్రువులని దీని భావము కాదు. 2018లో చెన్నై అయనావరమున 11 ఏండ్ల బధిర బాలికపై మాసముల తరబడి జరిగిన ఘోరము, ఇంటికి వచ్చిన అక్కతో ఆ పాప చెప్పుకొన్న పిమ్మటనే బయటపడినది. 17 మంది అరెస్టు కాగా, 2020 ఫిబ్రవరిలో 15 మందికి శిక్షలు పడినవి. అక్క విన్నది కనుక న్యాయము జరిగినది. అట్టి అక్క లేని పాప మాట ఎవరు విందురనునదే మన ప్రశ్న. వినగలవారిని వెదుకుటకు దూరము పోనక్కరలేదు: తాయిల్పట్టి సీమకు పాళైయంకోట్టైలో పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్లారెన్స్ స్వైన్సన్ స్థాపించిన బధిర పాఠశాల చేరువలోనే యున్నది. 2015లో ఢిల్లీలో వెలసిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రము 2021 నాటికి పదివేల పదముల నిఘంటువును వెలువరించినది. ఇట్టి పాఠశాలల ఉపాధ్యాయులలోను, పూర్వవిద్యార్థులలోను శక్తి గలవారిని ఎంచి, న్యాయప్రక్రియలో తరిఫీదిచ్చి, జిల్లా న్యాయసేవల సంస్థ వారి పట్టిక నుంచుకొని, పిలిచిన దినమునకు తగిన భత్యమిచ్చినచో, ఇక్కడి స్టేషనులకు దుబాసీ దొరకలేదను సాకు మిగులదు.

అంధుల విషయమున సందేహము వేరు విధముగా వచ్చును: చూడనివారు నేరస్థుని గుర్తించుట యెట్లని. దీనికి ఆంధ్రదేశమునుండియే ఉత్తరము వచ్చినది. 2011 మార్చి 31న ఆంధ్రప్రదేశమున ఒక గ్రామములో, పుట్టుకతో అంధురాలైన దళిత యువతిపై, ఆమె తల్లి తమ ఇంటికి చేరువనున్న కుళాయి యొద్దనుండగా, అన్నదమ్ముల స్నేహితుడుగా ఆ యింటికి వచ్చిపోవువాడు అత్యాచారము చేసెను. అతని గొంతు ఆమెకు తెలియును. ఆ గొంతుచేతనే అతనిని గుర్తించెను. పటాన్ జమాల్ వలీ వ్యాజ్యముగా ఇది సుప్రీంకోర్టునకు చేరగా, 2021 ఏప్రిల్ 27న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం. ఆర్. షాల ధర్మాసనము యావజ్జీవ శిక్షను స్థిరపరచెను. వికలాంగురాలు లోకమును గ్రహించు మార్గము వేరైనంతమాత్రమున ఆమె సాక్ష్యము తక్కువది కాదని ఆ తీర్పు సారాంశము. ఎస్సీ ఎస్టీ చట్టము క్రింది నేరము ఋజువు కాలేదని ఆ భాగమును కొట్టివేసినను, కులము, లింగము, వైకల్యము ముప్పేటగా పెనవేసికొని బాధితురాలి నెట్లు అణచునో ఆ తీర్పు వివరించినది. న్యాయాధికారులకును, ప్రాసిక్యూటర్లకును, పోలీసులకును తరిఫీదు; దుబాసీల, ప్రత్యేక విద్యావేత్తల నియామకము; జాతీయ నేరగణాంకములలో బాధితుల వైకల్యమును వేరుగా లెక్కించు ఆలోచన: ఇవి ఆ తీర్పు సూచించిన మార్గములు. ఇందు చివరిది పైకి గుమాస్తాపనిగా తోచును. అయినను ఎందరు బాధితులు వికలాంగులో లెక్కయే లేనిచో, ఏ జిల్లాకు ఎందరు దుబాసీలు కావలెనో బడ్జెటులో చూపుటకు ఆధారము లేదు.

బుద్ధిమాంద్యము గలవారి విషయము అన్నింటికన్న కఠినము. 2017 జూలైలో ఈరా యను పేర వెలువడిన తీర్పులో, శరీరవయస్సు 38 ఏండ్లైనను మనోవయస్సు చిన్నపిల్లది యగు స్త్రీకి పోక్సో చట్టము వర్తించునా యను ప్రశ్న సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చినది. చట్టములోని వయస్సు శరీరవయస్సే యని కోర్టు నిర్ణయించెను. కనుక పిల్లలకై ఏర్పరచిన ప్రత్యేక న్యాయస్థానమును ఆమె కోరజాలదు. ఈ నిర్ణయమును విమర్శించువారును ఉన్నారు. అన్ని విషయములందును ఆమెను పిల్లగా లెక్కించుట ఆమె గౌరవమునకే భంగమని సమర్థించువారును ఉన్నారు. రెండు వాదములలోను సత్యమున్నది. చట్టమేది వర్తించినను, ప్రశ్నలు చిన్నవిగా నుండుట, నడుమ విరామ మిచ్చుట, ఎరిగిన విద్యావేత్త ప్రక్కనుండుట, ముద్దాయి ముఖము కానరాకుండుట అను సదుపాయములు వయస్సును బట్టి గాక అవసరమును బట్టి లభింపవలెననుట మాత్రము నిర్వివాదము. 2022 జనవరిలో స్మృతి తుకారాం బడాడే వ్యాజ్యమున సుప్రీంకోర్టు, దుర్బల సాక్షుల నిర్వచనమున వికలాంగులను చేర్చి, ప్రతి జిల్లాలోను వారికొక ప్రత్యేక సాక్ష్యకేంద్రము నెలకొల్పవలెనని ఆదేశించుటలోని అంతరార్థ మిదియే.

కట్టడముల గూర్చి పెక్కుమాటలక్కరలేదు. మెట్లు, ఇరుకు తలుపులు, పై అంతస్తులోని కోర్టు హాళ్ళు అందరెరిగినవే. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, సుగమతకు కొన్ని ప్రమాణములైనను సలహాలుగా గాక తప్పనిసరి నియమములుగా నుండవలెనని చెప్పినది. అంతకన్న సూక్ష్మమైనది ఫోను విషయము. 112 యైనను, స్త్రీలకు 181, పిల్లలకు 1098 అను అంకెలైనను ప్రధానముగా నోటిమాటకై ఏర్పడినవి. ఇంగ్లండులో 2022 జూనునుండి బధిరులు అత్యవసరమున దృశ్యఫోనుద్వారా సంజ్ఞాభాషా దుబాసీతో మాటలాడి సాయము కోరు సౌకర్యము ఏర్పడినది. చేతిఫోనులో దృశ్యసంభాషణ పల్లెలకును అలవాటైన ఈ కాలమున, రాష్ట్రమంతటికి ఒక దుబాసీల కేంద్రము నెలకొల్పి, రాత్రింబవళ్ళు వంతులవారీగా నడిపినచో, తాయిల్పట్టి వంటి ఊరికి దుబాసీ బస్సులో వచ్చుదాక వేచియుండనక్కరలేదు.

ఇక పరిహారము. జాతీయ న్యాయసేవల సంస్థ 2018లో స్త్రీబాధితులకై రూపొందించిన పథకములో, నేరమువలన 80 శాతము గాని అంతకు మించి గాని శాశ్వత వైకల్యము కలిగినచో 2 నుండి 5 లక్షల రూపాయలును, 40 నుండి 80 శాతము దాక నున్నచో 2 నుండి 4 లక్షలును పరిహారముగా చూపబడినవి. నేరము వైకల్యమును కలిగించినచో ఎంత యని ఆ పట్టిక చెప్పుచున్నది. మునుపే వైకల్యమున్నవారికి నేరము పిమ్మట పెరుగు వ్యయమునకు, అనగా సహాయకుని కూలికి, విరిగిన ఉపకరణమునకు, ప్రత్యేక వాహనపు బాడుగకు అందులో వేరు వరుస లేదు. పేలుడులో కాలినవారికి మరియొక చిక్కు. వికలాంగుల చట్టము ఆమ్లదాడికి గురియైనవారిని పేరెత్తి చేర్చినది. మందుగుండుతో కాలినవారిని అట్లు పేరెత్తలేదు. వారు అవయవముల కదలిక తగ్గుటనో, చూపు వినికిడి పోవుటనో వేరుగా ఋజువు పరచుకొనవలెను. అచ్చన్‌కుళం పేలుడును హరిత న్యాయస్థానము తనంతట విచారణకు గైకొనినది. కాని చిన్న చిన్న పేలుళ్ళకు అట్టి దృష్టి లభించుట అరుదు. ఆసుపత్రి మంచముపై నున్ననాడే పరిహారపు అర్జీని, వైకల్య ధ్రువపత్రపు అర్జీని ఒక్కచోట పూర్తి చేయించు ఉద్యోగి యొకడున్నచో, ఆ కుటుంబము కచేరీల చుట్టు తిరుగుట సగమునకు సగము తగ్గును.

ఈ సేవలను ప్రత్యేక సంస్థలు నడుపవలెనా, ఉన్న సంస్థలే సుగమములు కావలెనా యని లోకమున చర్చ గలదు. అమెరికాలో 1986లో మెరిలిన్ స్మిత్ అను బధిర మహిళ, సియాటిల్ నగరమున బధిర స్త్రీ బాధితులకై ఒక సంస్థ స్థాపించినది. అచ్చట సేవ చేయువారును బధిరులే యగుటచే దుబాసీ ప్రసక్తి లేదు, బాధితురాలి మాట నడుమ మనిషి లేక నేరుగా చేరును. ఇంగ్లండు 1999 నాటి చట్టముచే మరియొక మార్గము పట్టినది: సాక్షికిని న్యాయస్థానమునకును నడుమ నుండి, ప్రశ్న ఎట్లడుగవలెనో న్యాయమూర్తికి చెప్పగల తటస్థుడైన మధ్యవర్తిని నియమించు పద్ధతి అది. మొదటిది పెద్ద నగరమునకు తగును, రెండవది పల్లెకును తగును. మన జిల్లాలకు రెండవదానిని పునాదిగా నుంచుకొని, మదుర వంటి నగరమున మొదటిదాని నొకదానిని నెలకొల్పుట ఉచితమని తోచుచున్నది. 2015 నుండి జిల్లాలలో నడుచు సఖీ కేంద్రములును, తమిళనాడు ప్రభుత్వము ప్రపంచబ్యాంకు సాయముతో వికలాంగులకై చేపట్టిన రైట్స్ పథకపు కేంద్రములును నేడు వేర్వేరు శాఖల క్రింద నున్నవి. ఒకదానియందు స్త్రీలకు ఆశ్రయము, మరియొకదానియందు వికలాంగులకు చికిత్స. వికలాంగురాలైన బాధితురాలికి రెండును ఒక్కనాడే కావలెను.

ఇన్ని తీర్పులను, ఇన్ని పథకములను తూచుట కొక త్రాసు కావలెనన్నచో, అది ర్యాంపుల లెక్కయు కాదు, శిక్షణా తరగతుల లెక్కయు కాదు. ఒక బధిరురాలు, ఒక అంధుడు, చక్రాల బండిమీది యొక కూలి, ఇంటివారిలో నొక్కరికిని చెప్పకుండ ఫిర్యాదు చేసి, వైద్యము పొంది, సాక్ష్యమిచ్చి, పరిహారమును తన ఖాతాలో వేసికొనగలుగుచున్నారా యని అడిగిన చాలును. తోడు కోరినవారికి తోడు ఉండవచ్చును. ఆ తోడును ఎంచుకొనువారు బాధితులు కావలెను, దానిని సమకూర్చునది రాజ్యము కావలెను. ప్రతి స్టేషనును, ప్రతి ఆసుపత్రియు, ప్రతి న్యాయస్థానమును ఈ ప్రశ్నతో ఏటేట పరీక్షించి, ఫలితమును కలెక్టరు కచేరిలో అందరెరుగ ప్రకటించినచో, చట్టము పుస్తకమున నున్నదో ఊరిలో నున్నదో తేటపడును. ఆ పరీక్షకు వికలాంగులే పరీక్షకులు కావలెను.